గూళ్ల కాలనీలో కొంగ పిల్లల ఫొటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొంగలు, నారాయణ పక్షులు, కంకణాలు, తెడ్డుమూతి కొంగలు, స్టార్క్‌లు. నీళ్లలో నడుస్తూ వేటాడే ఈ పక్షులు చాలావరకు గుంపులుగా ఒకేచోట గూళ్లు కట్టుకుంటాయి. అలాంటి చోట పిల్లల్ని ఫొటో తీయాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి. కెమెరా గురించి కన్నా పక్షుల గురించే ఎక్కువ రాశాను. పెద్ద పక్షి ఎగిరిపోగలదు, పిల్ల ఎక్కడికీ పోలేదు. మన తొందరపాటు ఫలితమంతా దానిమీదే పడుతుంది.

గూళ్లకు ఎంత దూరంలో నిలబడాలి?

ఒక అంకె కావాలంటే 100 మీటర్లు అనుకోండి. ఫ్లోరిడాలో పక్షులు మనుషుల్ని ఎంత దూరంలో చూసి లేస్తున్నాయో కొలిచి, 1995లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటి కాలనీలకు సూచించిన దూరం దాదాపు అంతే. రోజూ మనుషుల్ని చూసే కాలనీలో పక్షులు అంతకన్నా దగ్గరగా ఉన్నా పట్టించుకోకపోవచ్చు. మనుషులు అరుదుగా వచ్చే చోట 100 మీటర్లు కూడా చాలకపోవచ్చు.

అందుకే అంకె కన్నా పక్షి చెప్పేది ముఖ్యం. గూటిలో కూర్చున్న పెద్ద పక్షి మెడ నిటారుగా చాచి మీ వైపే చూస్తూ ఉండిపోతే అది మొదటి హెచ్చరిక. కాలనీలో ఎప్పుడూ ఉండే గోల ఒక్కసారిగా తగ్గిపోతే రెండోది. పక్షులు గూడు వదిలి పక్క కొమ్మ మీదికి నడిచి వెళ్తుంటే మీరు ఇప్పటికే మరీ దగ్గరికి వచ్చేశారు. అవి ఎగిరేదాకా ఆగకండి. వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి వెళ్లండి. ముక్కుతో ఈకలు సర్దుకోవడం, పుల్లలు సవరించడం, కళ్లు మూసి కునుకు తీయడం మళ్లీ మొదలైతే ఆ దూరం వాటికి ఫర్వాలేదన్నమాట.

కాసేపు ఎగిరినా మళ్లీ వచ్చేస్తాయిగా? అంత నష్టమేముంది?

వస్తాయి. ఈలోపు జరిగేదే నష్టం. గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి రోజుల్లో పిల్ల తన ఒంటి వేడిని తాను అదుపు చేసుకోలేదు. తెల్లవారుజామున చలికీ, మధ్యాహ్నం ఎండకీ తల్లో తండ్రో అడ్డుగా కూర్చోవాలి. ఎండలో పెద్ద పక్షి రెక్కలు విప్పి నిలబడి నీడనిస్తుంది. తెల్ల స్టార్క్‌లైతే గొంతులో నీళ్లు తెచ్చి పిల్లల మీద పోస్తాయి. మండే ఎండలో ఆ నీడ కొన్ని నిమిషాలు లేకపోయినా నూగు కూడా సరిగా లేని పిల్ల తట్టుకోలేదు.

కాకులు, గద్దలు కాలనీ చుట్టూ ఎప్పుడూ కాచుకునే ఉంటాయి. పెద్ద పక్షులు లేచిన క్షణంలోనే గుడ్డునో చిన్న పిల్లనో ఎత్తుకుపోతాయి. మీరు ఒక్క గూడునే చూస్తున్నా, మీవల్ల లేచింది మాత్రం ఆ చెట్టంతా.

ఇంకొకటి చాలామందికి తెలియదు. భయపడ్డ కొంగ పిల్ల తిన్నదంతా కక్కేస్తుంది. అది దానికున్న రక్షణ. తల్లి ఎంతో దూరం ఎగిరి తెచ్చిన చేపలు అలా నేలపాలవుతాయి. కాస్త పెద్దవైతే గూడు దాటి కొమ్మల మీదికి పరుగెత్తి, పట్టు తప్పి పడిపోతాయి.

సీజన్‌లో ఎప్పుడు వెళ్తే మంచిది?

గూడు కట్టేటప్పుడు, గుడ్లు పెట్టేటప్పుడు అసలు వెళ్లొద్దు. ఆ దశలో బెదిరిన పక్షులు ఆ చోటునే వదిలేసి పోవచ్చు. పిల్లలు పుట్టిన మొదటి రెండు వారాలు కూడా దూరంగా ఉండటమే మేలు. ఫొటోల పరంగా చూసినా పోయేదేమీ లేదు, ఎందుకంటే అప్పుడు పిల్లలు గూటి అంచు దాటి కనిపించవు.

నా దృష్టిలో అన్నిటికన్నా మంచి రోజులు మూడో వారం నుంచి మొదలవుతాయి. కొంగ పిల్లలు అప్పటికి కాళ్లతో, ముక్కుతో, రెక్కలతో కొమ్మల్ని పట్టుకుని గూటి చుట్టూ పాకడం మొదలుపెడతాయి. తల మీద నూగు ఇంకా నిక్కబొడుచుకునే ఉంటుంది, రెక్కల్లో అసలైన ఈకలు తొడుగుల్లోంచి బయటికి వస్తుంటాయి. అటు పసితనం, ఇటు పెద్దరికం ఒకే ఫ్రేములో దొరుకుతాయి. చిన్న తెల్లకొంగ పిల్లలు ఎగరడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. పెద్ద నీలి నారాయణ పక్షి, స్టార్క్‌ల పిల్లలకు దాదాపు రెండు నెలలు. చివరి రోజుల్లో గూటి అంచున నిలబడి రెక్కలాడిస్తూ సాధన చేస్తుంటాయి. అది కూడా చూసి తీరాల్సిన దృశ్యమే. కానీ ఆ దశలో బెదిరిస్తే రెక్కల బలం రాకముందే దూకేస్తాయి, కాబట్టి దూరం మాత్రం తగ్గించొద్దు.

ఏ లెన్స్ కావాలి? 100 మీటర్ల నుంచి తీస్తే పిల్ల చుక్కలా కనబడదా?

400 ఎం.ఎం. కనీసం, 600 అయితే హాయి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 600 ఎం.ఎం. లెన్స్ పెడితే 60 మీటర్ల దగ్గర సుమారు 3.6 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల దగ్గర సుమారు 6 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్‌తో అందులో మూడింట రెండు వంతులే. అంటే పిల్ల ముఖం ఫ్రేమంతా నిండదు. గూడు, కొమ్మలు, మేతతో దిగే పెద్ద పక్షి రెక్కలు, అన్నీ కలిసి పడతాయి. నాకు ఆ ఫొటోలే ఇష్టం. ముఖం ఒక్కటే ఉన్న క్లోజప్‌లో కాలనీ జీవితం ఏమీ కనబడదు.

దూరం వల్ల ఇంకో రెండు లాభాలున్నాయి. గూళ్లు సాధారణంగా ఎత్తులో ఉంటాయి. పది మీటర్ల ఎత్తు గూడుని 15 మీటర్ల దగ్గర నిలబడి చూస్తే 30 డిగ్రీలకు పైగా తల ఎత్తాలి, అప్పుడు గూటి అడుగున పుల్లలే ఎక్కువ కనిపిస్తాయి. 60 మీటర్లకు వెళ్తే ఆ కోణం 10 డిగ్రీల లోపుకి వచ్చేస్తుంది, పిల్లల కళ్లు దాదాపు మీ కళ్లకు ఎదురుగా ఉంటాయి. ఫోకస్ లోతు కూడా పెరుగుతుంది. అదే 600 ఎం.ఎం. లెన్స్‌తో ఎఫ్/8 దగ్గర, 20 మీటర్ల దూరంలో సుమారు అర మీటరు మేరే షార్ప్‌గా వస్తుంది. 60 మీటర్లలో అది నాలుగు మీటర్లు దాటుతుంది. ముగ్గురు తోబుట్టువుల ముఖాలూ స్పష్టంగా రావాలంటే వెనక్కి జరగడమే తేలికైన మార్గం.

లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించి దృశ్యాన్ని పెద్దది చేసే టెలికన్వర్టర్లలో 1.4 రెట్లది ఒక స్టాప్ వెలుతురు (అంటే సగం) తింటుంది, రెండు రెట్లది రెండు స్టాపులు. మొదటిది వాడతాను, రెండోది ఉదయపు వెలుతురులో పనికిరాదు.

దూరానికి ఒకే ఒక్క శత్రువు వేడిగాలి. నేల, నీళ్లు వేడెక్కాక మధ్యలో గాలి అలల్లా కదిలి ఫొటో మెత్తబడిపోతుంది. అది లెన్స్ లోపం కాదు, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా పోదు. పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే ముగించండి. పిల్లలకూ ఆ వేళే మంచిది.

తెల్ల కొంగ పిల్లలు ఫొటోలో సున్నం కొట్టినట్టు వస్తున్నాయి. ఏం చేయాలి?

వెనకాల ఏముందో చూడండి. ముదురు ఆకుపచ్చ చెట్టు ఎక్కువగా ఉంటే కెమెరా మీటరు ఆ చీకటిని వెలిగించాలని చూస్తుంది, తెల్ల ఈకల్లో వివరం పోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ని మైనస్ ఒక స్టాప్ వరకు తగ్గించాలి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే దీనికి తలకిందులు, పక్షి బూడిదరంగులోకి దిగిపోతుంది, ప్లస్ ఒకటి నుంచి రెండు స్టాపులు కావాలి. ఒకే చెట్టు మీద ఒక గూడు ఆకుల ముందూ ఇంకోటి ఆకాశం ముందూ ఉంటాయి కాబట్టి ప్రతిసారీ సవరించుకుంటూ కూర్చోవడం కష్టం. ఎండలో ఉన్న తెల్ల ఈకను చూసి మాన్యువల్‌లో ఎక్స్‌పోజర్ పెట్టేసుకోండి. వెలుతురు మారేదాకా అదే సరిపోతుంది. హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగునీడల గ్రాఫ్) కుడి గోడకు తగలకుండా చూసుకుని, తర్వాత సవరించుకోవడానికి వీలైన రా ఫైల్లో తీయండి. సూర్యుడు పిల్లల వెనక తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు తల మీది నూగు మెరుస్తుంది. ఆ కాసేపు ముఖం కొంచెం చీకటిగా వచ్చినా నాకు ఫర్వాలేదు.

షటర్ స్పీడ్, ఫోకస్?

ఊరికే కూర్చున్న పిల్లకి సెకనుకి 1/500 చాలు. మేత సమయానికి 1/1000, రెక్కలాడిస్తుంటే 1/2000. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా చురుకుదనం) పెంచడానికి భయపడొద్దు, దానివల్ల వచ్చే గ్రెయిన్ (మచ్చలు) తగ్గించొచ్చు గానీ కదిలిపోయిన కన్ను తిరిగి రాదు. ఆటోఫోకస్ తరచూ ముందున్న పుల్లను పట్టుకుంటుంది, కాబట్టి కొమ్మల మధ్య ఒకే చిన్న పాయింటు వాడండి. సైలెంట్ షటర్ ఉంటే మంచిదే. కాకపోతే కొన్ని కెమెరాల్లో వేగంగా ఆడే రెక్కలు వంకరగా పడతాయి, ముందే పరీక్షించుకోండి. ఫ్లాష్ వద్దు.

మేత పెట్టే క్షణం ఎప్పుడూ తప్పిపోతోంది. ముందే పసిగట్టడం ఎలా?

ఆకాశం వైపు కాదు, పిల్లల వైపు చూడండి. గుంపులో తన తల్లో తండ్రో వస్తున్నది మీకన్నా ముందు వాటికే తెలుస్తుంది. అప్పటిదాకా వాలిపోయి ఉన్న తలలన్నీ ఒక్కసారి ఒకే దిక్కుకు లేస్తాయి, కూత వేగం పెరుగుతుంది, రెక్కలు సగం విప్పుతాయి. అప్పుడు షటర్ మీద వేలు పెట్టండి.

గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోవాలి. పక్షులు గాలికి ఎదురుగా వాలతాయి. గాలీ, వెలుతురూ రెండూ మీ వీపు వైపు నుంచి వస్తే, దిగే పక్షి ముఖం మీ వైపే ఉంటుంది. పొద్దున అలాంటి చోటు దొరికిందంటే ఇక అక్కణ్ణుంచి కదలొద్దు.

మేత పెట్టే తీరు అన్నిటిదీ ఒకటి కాదు. కొంగ పిల్ల తల్లి ముక్కును కత్తెరలా అడ్డంగా పట్టుకుని కిందికి లాగుతుంది. అప్పుడు తల్లి కక్కిన చేపలు పిల్ల నోట్లోకో, గూటిలోకో పడతాయి. తెడ్డుమూతి కొంగ పిల్లయితే తన ముక్కునే తల్లి గొంతులోకి దూర్చేస్తుంది. స్టార్క్‌లు మేతను గూటి నేల మీద కక్కుతాయి, పిల్లలు వంగి ఏరుకుంటాయి. కాబట్టి కొంగలకైతే కెమెరా నిలువుగా తిప్పి పైన కాస్త చోటు వదలండి. స్టార్క్‌లకైతే గూటి అంచు తలలకు అడ్డు రాని కోణం ముందే వెతుక్కోండి.

మేత అయ్యాక కెమెరా దించేసేవాళ్లు ఎక్కువ. తర్వాత రెండు మూడు నిమిషాలే నాకు చాలా నచ్చుతాయి. గొంతు ఉబ్బిపోయిన పిల్ల, మిగిలిన చేప తోక కోసం లాగులాట, ఇంకా అడుగుతూనే ఉన్న చిన్నది, వాటికి దొరక్కుండా మెడ పైకెత్తి నిలబడ్డ తల్లి. ఇవన్నీ ఆ కాసేపట్లోనే దొరుకుతాయి.

పెద్ద పిల్ల చిన్నదాన్ని రక్తం వచ్చేలా పొడుస్తోంది. ఆపాలా? ఫొటో తీయడం తప్పా?

ఆపొద్దు, ఆపలేం కూడా. కొంగలు గుడ్లన్నీ పెట్టేదాకా ఆగకుండా ముందునుంచే పొదగడం మొదలుపెడతాయి. అందుకే పిల్లలు ఒకేరోజు కాకుండా, ఒకటి రెండు రోజుల తేడాతో పుడతాయి. ఆ చిన్న తేడాయే మొదటిదాన్ని బలమైనదాన్ని చేస్తుంది. మేత పుష్కలంగా ఉన్న ఏడాది చివరిది కూడా బతికి బయటపడుతుంది. కరువైతే అది ఆకలికో, తోబుట్టువుల పోట్లకో పోతుంది. పెద్ద తెల్లకొంగల్లో, పశువుల వెంట తిరిగే తెల్లకొంగల్లో దీన్ని శాస్త్రవేత్తలు చాలా వివరంగా గమనించారు. తల్లిదండ్రులు పక్కనే ఉన్నా సాధారణంగా అడ్డుపడవు.

చూడటం కష్టంగానే ఉంటుంది. తీయండి, తప్పు లేదు. ఇది కూడా ఆ గూటి నిజమే. అయితే కింద రాసే వ్యాఖ్యలో 'క్రూరమైన అన్న', 'పట్టించుకోని తల్లి' అని కథ అల్లొద్దు. ఏం జరిగిందో, ఎందుకు జరుగుతుందో రాయండి.

కింద పడిన పిల్ల కనబడితే?

ముందు దూరం నుంచే చూడండి. కింది కొమ్మల్లో చిక్కుకున్న పిల్ల కాస్త పెద్దదైతే చాలాసార్లు తనే పాక్కుంటూ పైకి పోతుంది. నేల మీద పడితే పరిస్థితి వేరు, కొంగలు సాధారణంగా కిందికి దిగి మేత పెట్టవు. అయినా మీరు చెట్ల కిందికి పరుగెత్తొద్దు. ఒక్క పిల్ల కోసం వెళ్తే ఆ చెట్టు మీది గూళ్లన్నీ ఖాళీ అవుతాయి. కాలనీ చూసుకునే సిబ్బందికో, అటవీ శాఖకో, వన్యప్రాణుల్ని కాపాడే శిక్షణ ఉన్నవాళ్లకో చెప్పండి. నోట్లో నీళ్లు పోయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వట్టి చేతులతో పట్టుకోవడం మీకూ ప్రమాదమే, కొంగ పిల్ల కూడా నేరుగా కళ్ల మీదికి పొడుస్తుంది.

ఆకులు అడ్డొస్తున్నాయి. ఒక చిన్న కొమ్మ కట్టేస్తే?

వద్దు. ఆ ఆకులే దానికి నీడ, గద్ద నుంచి చాటు. మీరు పక్కకు జరగండి.

డ్రోన్?

గూళ్ల కాలనీ మీద వద్దే వద్దు. పైనుంచి వచ్చేది ఏదైనా వాటికి గద్దే.

ఏ పిల్ల ఏ జాతిదో పోల్చుకోవడం ఎలా?

ముక్కు ఆకారాన్ని మాత్రం నమ్మొద్దు. తెడ్డుమూతి కొంగ పిల్ల పుట్టినప్పుడు తెడ్డు ఉండదు, ముక్కు పొట్టిగా మామూలుగానే ఉంటుంది. పెరిగేకొద్దీ చివర వెడల్పవుతుంది. కంకణం పిల్ల ముక్కు కూడా మొదట్లో వంపు లేకుండా దాదాపు తిన్నగా ఉంటుంది. అన్నిటికన్నా తేలికైన పద్ధతి, మేతతో వచ్చే పెద్ద పక్షి దిగేదాకా ఆగడం. ప్రతి గూటి దగ్గర పెద్ద పక్షిది కూడా ఒక ఫొటో తీసి పెట్టుకుంటే ఇంటికెళ్లాక తికమక ఉండదు.

కొత్తవాళ్లు ఎలాంటి చోట మొదలుపెట్టాలి?

మనుషులు నడిచే దారి స్థిరంగా ఉన్న చోట. చెక్క వంతెన, పరిశీలన గోపురం, హైడ్ (దాక్కుని చూసే గది), కట్ట మీద కంచె, ఏదైనా సరే. మనుషులు ఎప్పుడూ ఒకే గీత మీద, ఒకే తీరులో కదులుతుంటే పక్షులు అలవాటు పడతాయి. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టిన్‌లో ఎలిగేటర్ల (ఒక రకం మొసళ్ల) కేంద్రంలో ఉన్న కాలనీ దీనికి మంచి ఉదాహరణ. చెట్ల కింద నీళ్లలో ఎలిగేటర్లు తిరుగుతుంటే గూళ్లు దోచే రకూన్లు (పిల్లంత జంతువులు) చెట్లెక్కలేవు. ఆ రక్షణ కోసం అడవి కొంగలు, స్టార్క్‌లు, తెడ్డుమూతి కొంగలు తమంతట తామే వచ్చి గూళ్లు కట్టుకుంటాయి, చెక్కదారి మీద నడిచే జనాన్ని పట్టించుకోవు. అలాంటి చోట దగ్గరగా తీయడం తప్పు కాదు. అక్కడి దూరాన్ని కొలమానంగా తీసుకుని మారుమూల చెరువు మధ్య దీవికి వెళ్లడమే తప్పు.

పడవలో వెళ్లాల్సి వస్తే గూళ్ల ఎదురుగా ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం కన్నా, దూరంగా ఒకే వేగంతో దాటిపోవడం నయం.

చట్టం ఏమంటుంది?

ఏ దేశంలో ఉంటే అక్కడి నియమం ముందే తెలుసుకోండి. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించి కలతపెట్టడం కూడా ఉంది. బ్రిటన్‌లో 1981 నాటి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న పక్షుల్ని, ఉదాహరణకు తెడ్డుమూతి కొంగని, గూటి దగ్గర కలతపెట్టడం నేరం. అలాంటి చోట ఫొటోలకు లైసెన్స్ కావాలి.

ఈ ఫొటోల వల్ల పక్షులకు ఏమైనా మేలుందా?

ఉంది, దానికి గట్టి చరిత్రే ఉంది. 19వ శతాబ్దం చివర్లో ఆడవాళ్ల టోపీలకు తెల్లకొంగల ఈకలు పెట్టే ఫ్యాషన్ నడిచింది. ఆ ఈకలు అందంగా ఉండేది పొదిగే కాలంలోనే కాబట్టి వేటగాళ్లు నేరుగా గూళ్ల దగ్గరికే వచ్చేవారు. పెద్దవి చచ్చాక పిల్లలు ఆకలితో పోయేవి. 1906లో ఆస్ట్రేలియాలో పక్షి పరిశీలకుడు ఎ.హెచ్.ఇ. మాటింగ్లీ అలా దోచిన ఒక కాలనీకి వెళ్లి, అనాథలైన పిల్లల్ని ఫొటోలు తీశారు. మరుసటి ఏడాది అవి అక్కడి పక్షిశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. 1911లో ఆ బొమ్మల్ని బోర్డులుగా మోస్తూ మనుషులు లండన్ వీధుల్లో తిరిగారు. ఈకల దిగుమతిని ఆపే చట్టం బ్రిటన్‌లో 1921లో వచ్చింది. చట్టం రావడానికి ఎందరో ఏళ్ల తరబడి పోరాడారు, వాళ్ల చేతిలో ఆ పిల్లల ఫొటోలు పెద్ద బలం అయ్యాయి.

ఇప్పటికీ మామూలు ఫొటో కూడా పనికొస్తుంది. తేదీతో ఉన్న విశాలమైన ఫొటోలో గూళ్లు లెక్కపెట్టొచ్చు, పిల్లల వయసు అంచనా వేయొచ్చు, ముక్కుకి చుట్టుకున్న గాలపు దారం కనబడుతుంది. మంచి ఫొటోలతో పాటు అలాంటివి కూడా కొన్ని తీసి, ఆ కాలనీని గమనించే వాళ్లకు ఇవ్వండి.

లొకేషన్ పెట్టొచ్చా?

అందరికీ తెలిసిన, కాపలా ఉన్న చోటైతే పెట్టొచ్చు. లేకపోతే సీజన్ అయ్యేదాకా పేరు చెప్పొద్దు, ఫైల్లోంచి జీపీఎస్ వివరాలు తీసేయండి.

ఆరోగ్యపరంగా జాగ్రత్తలు?

ఎండిన రెట్టలు పేరుకున్న మట్టిలో హిస్టోప్లాస్మా అనే ఫంగస్ పెరగవచ్చు, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. చెట్ల కిందికి వెళ్లకపోవడానికి ఇది ఇంకో కారణం. చనిపోయిన పక్షులు ఒకేచోట చాలా కనిపిస్తే బర్డ్ ఫ్లూ కావచ్చు. ముట్టుకోకుండా అధికారులకు చెప్పండి. బూట్లు, ట్రైపాడ్ కాళ్లు కడిగాకే వేరే కాలనీకి వెళ్లండి.

పక్షి కాలికి రంగు రింగు కనబడింది. ఏం చేయాలి?

వీలైతే రింగు మీది అక్షరాలు చదవగలిగేలా రెండు మూడు ఫొటోలు తీయండి, అంతేగానీ దానికోసం దగ్గరికి పోవద్దు. ఏ కాలికి ఉంది, మోకాలిలా వంగే కీలుకి పైనా కిందా, రింగు రంగేమిటి, అక్షరాల రంగేమిటి, తేదీ, చోటు రాసుకుని పక్షులకు రింగులు వేసే సంస్థకి పంపండి. ఆ పక్షి ఏ కాలనీలో ఎప్పుడు పుట్టిందో చాలాసార్లు వాళ్ల దగ్గర్నుంచి జవాబు వస్తుంది.